డేనియల్ బ్లేక్ దరఖాస్తు, మా మామ్మ పుట్టిన సంవత్సరం

పోస్టు పెద్దదే. మెస్ దగ్గర క్యూలో నిలబడి చదువుకున్నా సరిపోతుంది, కానీ మధ్యలో వదిలేయకండి.

పోయిన నెల ఒక ఆదివారం మా హాస్టల్లో సీనియర్ అన్న లాప్‌టాప్‌లో ఆరుగురం కూర్చుని ఒక ఇంగ్లీషు సినిమా చూశాం. పేరు 'ఐ, డేనియల్ బ్లేక్'. 2016లో వచ్చింది. తీసినాయన కెన్ లోచ్, కథ రాసినాయన పాల్ లావర్టీ. కాన్స్ ఫిలిం ఫెస్టివల్‌లో అన్నిటికన్నా పెద్ద అవార్డు దీనికే వచ్చింది. ఫైట్లు లేవు, పాటలు లేవు. కింద అక్షరాలు పడకపోతే వాళ్ళ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాజిల్ అనే ఊరి యాస అది. మన యాసని చూసి నవ్వేవాళ్ళకి ఈ సినిమా చూపించాలి, ఇంగ్లీషువాళ్ళకే ఇన్ని యాసలున్నాయని తెలుస్తుంది.

సినిమా మొదలవగానే తెర మొత్తం నలుపు. మాటలే వినిపిస్తాయి. ఒకావిడ అడుగుతోంది: టోపీ పెట్టుకునేంత ఎత్తుకి చెయ్యి లేపగలవా? ఫోను బటన్ నొక్కగలవా? సాయం లేకుండా ఎంత దూరం నడవగలవు? జవాబు చెప్పే ఆయన 59 ఏళ్ళ వడ్రంగి. పనిలో ఉండగా గుండెపోటు వచ్చి పరంజా మీంచి పడబోయాడు. డాక్టరు పనికి వెళ్ళొద్దన్నాడు. అమ్మా, చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి, పోయింది గుండె, దాని గురించి అడగవేం అంటాడు. ఆవిడ దగ్గరున్న కాగితంలో గుండె ప్రశ్న లేదు. చివరికి ఆయనకి 12 పాయింట్లు వేస్తారు. 15 రావాలి. కాబట్టి ఆయన పని చేయగలడని తేల్చేస్తారు.

రూములో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా మామ్మ పింఛను కాగితం గుర్తొచ్చింది. అది చివర్లో చెప్తా.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది, గబగబా చెప్పేస్తా. పని చేయొద్దని డాక్టరు అంటాడు, పని చేయగలవని ఆఫీసు అంటుంది. అప్పీలు చేసుకుందామంటే ముందు ఒక ఫోను రావాలి, ఆ ఫోను రాదు. ఈలోగా తిండికి డబ్బు కావాలంటే నిరుద్యోగ భృతికి పెట్టుకోవాలి. అది రావాలంటే వారానికి 35 గంటలు పని వెతికినట్టు రుజువు చూపించాలి. అంటే చేయకూడని పని కోసం ఊరంతా తిరగాలి, ఎవరన్నా పాపం అని పని ఇస్తే మళ్ళీ కుదరదని చెప్పి తిట్లు తినాలి. దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లోనే. ఆయన జన్మలో కంప్యూటర్ ముట్టుకోలేదు. మౌస్‌ని స్క్రీను మీద జరుపు అంటే దాన్ని చేత్తో ఎత్తి నిజంగానే స్క్రీనుకి ఆనించి పైకీ కిందికీ తిప్పుతాడు.

అక్కడే కేటీ అనే అమ్మాయి పరిచయమవుతుంది. ఇద్దరు పిల్లలు, భర్త లేడు. లండన్‌లో ఇల్లు లేనివాళ్ళ హాస్టల్లో రెండేళ్ళు ఒకే గదిలో ఉంచి, లండన్‌లో ఇళ్ళు లేవు పొమ్మని ఇంత దూరం పంపించేశారు. కొత్త ఊళ్ళో తప్పు బస్సెక్కి ఆఫీసుకి లేటుగా వెళ్తుంది. అంతే, ఆమె డబ్బు ఆపేస్తారు. దాన్ని అక్కడ శాంక్షన్ అంటారు. మనకి శాంక్షన్ అంటే మంజూరు కదా, అక్కడ దానికి పూర్తిగా తిరగబడిన అర్థం. పిల్లలకి పెట్టి తాను పస్తులుంటుంది. ఫుడ్ బ్యాంకుకి తీసుకెళ్తే, సామాన్లు ఇస్తుండగానే తట్టుకోలేక ఒక డబ్బా మూత పీకి చేత్తో తినేసి, తర్వాత సిగ్గుతో ఏడుస్తుంది. ఆ సీను తీసింది న్యూకాజిల్‌లో నిజంగా నడుస్తున్న ఫుడ్ బ్యాంకులోనే, అందులో కనిపించే వాలంటీర్లు కూడా అక్కడ పనిచేసేవాళ్ళే. ఆ సీను దగ్గర మా రూములో ఎవరూ నవ్వలేదు.

సినిమా అయ్యాక ఒక తమ్ముడు అన్నాడు, "అన్నా, ఇది కంప్యూటర్లు వచ్చాక వచ్చిన తిప్పలు గదా, పాత కాలంలో ఇలా ఉండేది కాదేమో" అని. నాకూ అలాగే అనిపించింది. తర్వాత లైబ్రరీలో నాలుగు రోజులు కూర్చుని చదివితే అది తప్పని తెలిసింది. ఈ ప్రశ్నల కాగితం వయసు దగ్గర దగ్గర 200 ఏళ్ళు. ఈ పోస్టు రాస్తున్నదే అందుకు.

ఇంగ్లండ్‌లో 1601 నుంచే పేదల చట్టం ఒకటి ఉంది. ఊరి చర్చి పరిధిలో పన్ను వసూలు చేసి ఆ ఊరి పేదలకి ఇచ్చేవారు. అందులోనూ అవమానాలున్నాయి, కానీ సాయం ఇంటికొచ్చేది. 1834లో దాన్ని మార్చేశారు. పేదలకి ఖర్చు ఎక్కువవుతోంది, సోమరులు పెరుగుతున్నారు అని ఒక కమిషన్ తేల్చింది. ఎడ్విన్ చాడ్విక్, నాసో సీనియర్ అనే ఇద్దరు ఆ రిపోర్టుకి ముఖ్యులు. వాళ్ళు పెట్టిన సూత్రం ఇది: సాయం పొందేవాడి బతుకు, సొంతంగా పని చేసుకునేవాళ్ళలో అందరికన్నా అడుగునున్న కూలివాడి బతుకు కన్నా కిందే ఉండాలి. ఇంకోసారి చదవండి. అంటే ఆకలి తీర్చేలోపు ముందు భయపెట్టాలి. సాయం అడగడమే ఒక శిక్షలా ఉంటే, నిజంగా గతిలేనివాడే వస్తాడు కాబట్టి ఎవరు నిజం ఎవరు దొంగ అని వేరే విచారణ అక్కర్లేదు అన్నమాట.

అలా కట్టినవే వర్క్‌హౌస్‌లు. తిండి కావాలంటే ఇల్లొదిలి అందులో చేరాలి. గుమ్మం దగ్గరే మొగుణ్ణి, పెళ్ళాన్ని, పిల్లల్ని విడదీసి వేరువేరు వార్డుల్లో పడేసేవారు. అందరికీ ఒకే బట్టలు. రాళ్ళు కొట్టడం, పాత తాళ్ళు పీచులు పీచులుగా విప్పడం, ఎరువు కోసం ఎముకలు దంచడం పని. 1845లో ఆండోవర్ అనే ఊరి వర్క్‌హౌస్ సంగతి బయటపడింది. దంచమని ఇచ్చిన ఎముకలకి అంటుకుని ఉన్న కుళ్ళిన కండనీ మూలగనీ అక్కడి జనం ఆకలికి తిన్నారు. పార్లమెంటు విచారణ వేసింది, పెద్ద గొడవైంది, 1847లో పైనున్న కమిషన్‌ని రద్దు చేసి ఇంకో బోర్డు పెట్టారు. వర్క్‌హౌస్‌లు మాత్రం అలాగే ఉన్నాయి. బోర్డు మారింది, బువ్వ మారలేదు.

ఇంకొకటి చెప్తేగానీ సినిమా చివరి సీను అర్థం కాదు. 1832లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, వర్క్‌హౌస్‌లో చనిపోయి ఎవరూ తీసుకెళ్ళని పేదవాడి శవాన్ని మెడికల్ కాలేజీకి కోసుకోవడానికి ఇచ్చేయొచ్చు. అంతకుముందు అలా కోసేది ఉరితీసిన హంతకుల్ని. అంటే పేదరికానికి హత్యతో సమానంగా శిక్ష వేశారు. అందుకే అక్కడి పేదలు తిన్నా తినకపోయినా చావు ఖర్చుకని వారం వారం నాలుగు పెన్నీలు దాచుకునేవారు. దిక్కులేని చావంటే అంత భయం వాళ్ళకి. సినిమాలో డేనియల్ చనిపోయాక చర్చిలో కేటీ మాట్లాడుతూ, పొద్దున తొమ్మిది గంటల టైం అన్నిటికన్నా చవక కాబట్టి దీన్ని పేదల అంత్యక్రియ అంటారని చెప్తుంది. వినేవాళ్ళకి చిన్న మాటే. వెనకాల ఇంత ఉంది.

ఇంతవరకూ ఇంగ్లండ్ గొడవ, మనకెందుకు అనుకుంటున్నారేమో. అదే సూత్రం ఓడెక్కి మన దగ్గరికి కూడా వచ్చింది.

1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద కరువొచ్చింది. తెలుగువాళ్ళు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు వైపు బాగా దెబ్బతిన్నాయి. వైస్రాయి లిట్టన్. ఖర్చు అదుపు చేయమని ఆయన 1877లో సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసుకి పంపాడు. ఈ టెంపుల్ కథ వింతైనది. మూడేళ్ళ ముందు బీహార్ కరువులో ఇతనే బయటినుంచి బియ్యం తెప్పించి జనాన్ని బాగానే బతికించాడు. ఎక్కువ ఖర్చుపెట్టావని పైవాళ్ళు తిట్టారు. ఆ తిట్లు కడుక్కోవడానికేమో, మద్రాసులో కరువు పనికొచ్చిన మగ కూలికి రోజుకి ఒక పౌండు ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని లెక్క కట్టాడు. పౌండంటే అర కిలో కూడా కాదు, 450 గ్రాములు. రోజంతా రాళ్ళు కొట్టి మట్టి మోసే మనిషికి. మద్రాసులోనే ఉన్న కార్నిష్ అనే ప్రభుత్వ వైద్యాధికారి ఇది మనిషిని చంపే లెక్క అని కాగితాల మీద పోట్లాడాడు. కొన్ని నెలలకి కొంచెం పెంచారు. అప్పటికే చాలామంది పోయారు. ఆ కరువులో బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రాంతాల్లోనే 50 లక్షలకి పైగా చనిపోయారని అంచనా.

తర్వాత 1880లో కరువు కమిషన్ రిపోర్టు, దాని వెంట కరువు నియమాలు వచ్చాయి. కరువొస్తే ప్రభుత్వం పని చూపించాలని మొదటిసారి రాశారు, అది మంచిదే. కానీ ఒంట్లో బలం ఉన్నవాడికి ఊరికే ఇవ్వకూడదు, కష్టమైన పని పెట్టు, నిజంగా ఆకలైతే చేస్తాడు అన్న పరీక్ష కూడా అందులోనే ఉంది. 1834 మాటే, ఇంకో ఎండలో. మన ఊళ్ళల్లో 2005 చట్టంతో వచ్చిన ఉపాధి హామీ పనిని ఇప్పటికీ ముసలివాళ్ళు "కరువు పని" అంటారు కదా. చట్టం దాన్ని హక్కు అంది, జనం నోట్లో మాత్రం పాత పేరే నిలిచింది. మనవాళ్ళు తప్పు పేరు పెట్టారని నేననుకోను. రోజుకి రెండుసార్లు ఫోటో దిగితేగానీ మస్టరు పడదని కొండ మీద సిగ్నల్ వెతుక్కున్న మా నాన్నని అడిగితే ఏ పేరు సరైందో చెప్తాడు.

మళ్ళీ ఇంగ్లండ్‌కి వెళ్దాం. అక్కడ ఈ భయం పెట్టే పద్ధతిలో మొదటి పెద్ద కన్నం 1908లో పడింది. వృద్ధాప్య పింఛను చట్టం. 70 దాటిన పేదలకి వారానికి 5 షిల్లింగులు, 1909 జనవరి 1 నుంచి. వర్క్‌హౌస్ గుమ్మం తొక్కక్కర్లేదు, పోస్టాఫీసుకి వెళ్ళి మామూలు మనిషిలా తీసుకోవచ్చు. అయితే అందులోనూ ఒక మెలిక పెట్టారు. ఒళ్ళు దాచుకుని పని చేయకుండా తిరిగినవాడని తేలితే ఇవ్వరు. మంచి పేదవాడు, చెడ్డ పేదవాడు. ఈ జల్లెడ ఎక్కడికీ పోదు, చూస్తూ ఉండండి.

ఈ పింఛను కథలో నాకు బాగా నచ్చిన భాగం ఐర్లండ్‌ది. అప్పుడు ఐర్లండ్ కూడా బ్రిటన్ కిందే. అక్కడ పుట్టుకలు రిజిస్టర్ చేయడం 1864లో మొదలైంది. అంటే 1909లో 70 దాటిన ఏ ముసలాయన దగ్గరా, ముసలమ్మ దగ్గరా పుట్టిన కాగితం లేదు. మరి వయసెలా తేల్చాలి? 1839 జనవరి 6 రాత్రి ఐర్లండ్ మొత్తాన్ని ఒక భయంకరమైన గాలివాన కుదిపేసింది. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. దాన్ని జనం పెద్దగాలి రాత్రి అని చెప్పుకునేవారు. లెక్క చూడండి, 1909కి సరిగ్గా 70 ఏళ్ళు. పెద్దగాలి నాకు గుర్తుంది అని చెప్పగలిగితే 70 దాటినట్టే. దాంతో పింఛను ఆఫీసర్ల ముందు కూర్చున్న ముసలివాళ్ళందరికీ పెద్దగాలి గుర్తొచ్చింది. నేనప్పుడు చేత్తో బంగాళాదుంప తినేంత పిల్లని అని ఒకరు, నన్నెత్తుకుని మా అమ్మ బయటికి పరిగెత్తింది అని ఇంకొకరు. అందరిదీ నిజం కాకపోవచ్చు. అధికారులు తల పట్టుకున్నారు. కానీ చదువు లేని ముసలివాళ్ళ జ్ఞాపకం ఆ కొద్దిరోజులు సర్కారు కాగితంగా చెల్లింది. చరిత్రలో అలాంటి సందర్భాలు ఎక్కువ ఉండవు.

ఇక్కడ మా మామ్మ సంగతి చెప్పేస్తా.

మా మామ్మకి తను పుట్టిన తారీఖు తెలీదు. మాచ్‌ఖండ్ డ్యాం పనులకి వాళ్ళ నాన్న వెళ్ళేటప్పుడు తను నడిచే పిల్లనని, నాన్న వెనకాల కొంత దూరం ఏడ్చుకుంటూ వెళ్ళేదాన్నని చెప్తుంది. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు మొదలైంది 1955లో. పనులు అంతకుముందే జరిగాయి. అంటే మామ్మ 1950కి అటూ ఇటుగా పుట్టి ఉండాలి. ఇది నేను డిగ్రీలో చేరాక వేసిన లెక్క. ఆధార్ తీసినప్పుడు ఈ లెక్క ఎవరూ వేయలేదు. ఆపరేటర్ మొహం చూసి ఒక సంవత్సరం కొట్టాడు. 1973. తారీఖు జనవరి 1. మా ఊళ్ళో సగం మంది జనవరి 1నే పుట్టారు, మీ ఊళ్ళో కూడా అంతే అయ్యుంటుంది. మా నాన్న ఆధార్‌లో 1982 ఉంది. తల్లికీ కొడుక్కీ తొమ్మిదేళ్ళు తేడా. కంప్యూటర్‌కి అందులో వింతేమీ కనిపించలేదు.

2019లో నేను పదో తరగతి. సెలవులకి వచ్చినప్పుడు మామ్మ పింఛను దరఖాస్తు నేనే రాశా. మనవాళ్ళకి 50 ఏళ్ళు నిండితే చాలు. మామ్మకి అసలు వయసు డెబ్బై దగ్గర. కాగితం వెనక్కొచ్చింది. వయసు చాలదట, 46 ఏళ్ళేనట. ఆధార్‌లో వయసు మార్చాలంటే బడి సర్టిఫికెట్ కావాలన్నారు ఒకచోట. డాక్టరు రాసిస్తే చాలన్నారు ఇంకోచోట. డాక్టరు దగ్గరికెళ్తే ఫలానా ఫారం తెమ్మన్నారు. రెండుసార్లు జీపెక్కి వెళ్ళాం, రెండుసార్లూ సర్వర్ లేదు. మూడోసారి మామ్మ రానంది.

అప్పుడు నేనొక మాటన్నా. "చదువుకుని ఉంటే ఈ గోల ఉండేది కాదు గదా" అని. అరిచి కూడా అనలేదు, మామూలుగానే అన్నా. మామ్మ ఏమీ అనలేదు, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మాచ్‌ఖండ్ గుర్తున్న మనిషి దగ్గర సాక్ష్యం లేదని నేనూ ఆ ఆపరేటర్‌లాగే అనుకున్నా. తన వయసు ఎలా తెలుసని నేను కూడా అడగలేదు కదా.

వయసు సరిచేయడం చివరికి కానే లేదు. 2023 వచ్చింది, ఆధార్‌లో మామ్మకి 50 నిండాయి, అప్పుడు పింఛను వచ్చింది. తప్పు అలాగే ఉంది, కాలమే దాన్ని దాటేసింది. మధ్యలో నాలుగేళ్ళు పోయాయి. ఇప్పుడు నెల మొదట్లో వేలిముద్ర ఎప్పుడైనా పడకపోతే మామ్మ నాకు ఫోను చేయించి "బాబూ, మళ్ళీ ఏటయ్యిందో సూడు" అంటుంది, నేనేదో పెద్ద ఆఫీసర్ని అన్నట్టు.

సరే. ఇంగ్లండ్‌లో 1930ల్లో ఏం జరిగిందో చూస్తే, డేనియల్ బ్లేక్ ఊరు న్యూకాజిల్ ఎందుకైందో తెలుస్తుంది. దాని పక్కనే, అదే టైన్ నది ఒడ్డున జారో అనే ఊరుంది. ఓడలు కట్టే కంపెనీ మూతపడి ఊరు ఊరంతా పని లేక కూర్చుంది. 1931 నుంచి నిరుద్యోగ భృతికి ఆదాయ పరీక్ష పెట్టారు. ఆఫీసర్లు ఇంట్లో దూరి కుర్చీలు బల్లలు లెక్కపెట్టేవారు. కొడుకు నాలుగు రాళ్ళు తెస్తుంటే తండ్రి భృతి కోసేవారు. సినిమాలో డేనియల్ తన ఇంటి సామాను అమ్ముకునే సీను చూసినప్పుడు అక్కడి ముసలివాళ్ళకి గుర్తొచ్చేది ఇదే. 1936 అక్టోబరులో జారో నుంచి 200 మంది లండన్ పార్లమెంటుకి నడుచుకుంటూ వెళ్ళారు, పని ఇప్పించమని అర్జీ పట్టుకుని. వాళ్ళ ఎంపీ ఎలెన్ విల్కిన్సన్ కూడా కొంత దారి నడిచింది. నెల రోజులు నడిచారు. ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. వచ్చాక తెలిసిందేంటంటే, నడిచిన రోజుల్లో మీరు పనికి అందుబాటులో లేరు కాబట్టి భృతి కోశాం అన్నారు. ఊళ్ళో పని అంటూ ఉంటే కదా అందుబాటులో ఉండడానికి! కేటీకి తప్పు బస్సెక్కినందుకు పడింది, వీళ్ళకి నడిచినందుకు పడింది.

ఇదే టైంలో ఇంకోటి. 'లవ్ ఆన్ ది డోల్' అని వాల్టర్ గ్రీన్‌వుడ్ 1933లో ఒక నవల రాశాడు, భృతి మీద బతికే కుటుంబం గురించి. దాన్ని సినిమా తీస్తామంటే సెన్సారు వాళ్ళు 1936లో వద్దన్నారు. చివరికి 1941లో, యుద్ధం మధ్యలో, అందరికీ పని దొరికాక వచ్చింది. పస్తుల సినిమాకి పస్తులు తగ్గాక అనుమతి.

1942 డిసెంబరులో విలియం బెవరిడ్జ్ రిపోర్టు వచ్చింది. ఈయన పుట్టింది మన ఉపఖండంలోనే, బెంగాల్‌లోని రంగపూర్‌లో, తండ్రి ఇక్కడ ఐసీఎస్ ఆఫీసరు. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి అనే ఐదు రాకాసుల్ని చంపాలని రాశాడు. ప్రభుత్వ రిపోర్టు కొనుక్కోవడానికి జనం క్యూ కట్టారు. 1945లో గెలిచిన లేబర్ ప్రభుత్వం చాలా భాగం అమలు చేసింది. 1948 జూలై 5న అందరికీ ఉచిత వైద్యం మొదలైంది, అదే రోజు పాత పేదల చట్టం చచ్చిపోయింది. ఇక్కడ నేను గమనించింది ఏంటంటే, వైద్యం దగ్గర జల్లెడ పట్టలేదు. నువ్వు నిజంగా పేదవాడివేనా అని ఆసుపత్రి గుమ్మం దగ్గర అడగలేదు. లార్డుకీ లేబరుకీ ఒకే డాక్టరు. డేనియల్‌ని సినిమా మొత్తంలో మనిషిలా చూసింది ఎవరో చూడండి, ఆసుపత్రి నర్సు. ప్రశ్నలతో ఏడిపించింది పాయింట్ల ఆఫీసు. అందరిదీ అయిన చోట మర్యాద ఉంది, పేదలకి మాత్రమే అన్నచోట అనుమానం ఉంది. కెన్ లోచ్‌కి ఇది తెలుసు. 2013లో 1945 నాటి ఆశల మీద ఆయన ఒక డాక్యుమెంటరీ కూడా తీశాడు.

కెన్ లోచ్ ఇలాంటివి తీయడం కొత్త కాదు. 1966 నవంబరులో బీబీసీ టీవీలో 'కేథీ కమ్ హోమ్' అని వేశారు. ఇల్లు పోయి, హాస్టళ్ళు తిరిగి, చివరికి రైల్వే స్టేషన్‌లో అధికారులు వచ్చి తల్లి చేతుల్లోంచి పిల్లల్ని లాక్కెళ్ళే కథ. కోటి మందికి పైగా చూశారు. 18 ఏళ్ళ కిందట చచ్చిపోయిందనుకున్న వర్క్‌హౌస్, మొగుడూ పెళ్ళాల్ని విడదీసే హాస్టల్ రూపంలో బతికే ఉందని ఆ రాత్రి దేశమంతా చూసింది. 50 ఏళ్ళ తర్వాత అదే మనిషి, ఎనభైకి దగ్గరపడి, డేనియల్ బ్లేక్ తీశాడు. యాభై ఏళ్ళకి కూడా అదే కథ చెప్పాల్సి రావడం ఆయనకెలా అనిపించి ఉంటుందో.

డేనియల్‌కి జరిగిన పాయింట్ల పరీక్ష 2008లో లేబర్ ప్రభుత్వమే తెచ్చింది, నడపడం ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. 2010 తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని ఇంకా బిగించింది. 2012 చట్టంతో శాంక్షన్ కొన్ని తప్పులకి మూడేళ్ళ దాకా పడొచ్చన్నారు (2019లో దాన్ని ఆరు నెలలకి తగ్గించారు). ట్రసెల్ ట్రస్ట్ అనే సంస్థ ఫుడ్ బ్యాంకులు 2010-11లో సుమారు 61 వేల మందికి మూడు రోజుల తిండి పొట్లాలు ఇస్తే, 2015-16లో ఆ లెక్క 11 లక్షలు దాటింది. సినిమా వచ్చాక ఆ శాఖ పాత మంత్రి ఇయాన్ డంకన్ స్మిత్ ఇది ఉద్యోగులకి అన్యాయం చేసిందన్నాడు. ప్రతిపక్ష నాయకుడు కార్బిన్ పార్లమెంటులో ప్రధాని థెరిసా మేని వెళ్ళి చూడమన్నాడు.

సినిమా మీద నాకూ ఒక ఫిర్యాదుంది. డేనియల్ మరీ మంచివాడు. తాగడు, అబద్ధమాడడు, చనిపోయిన భార్యని చివరిదాకా చూసుకున్నాడు, పక్కవాళ్ళ పిల్లలకి బొమ్మలు చెక్కిస్తాడు. అందుకే మనకి ఏడుపొస్తుంది. అదే ఆయన రోజూ సాయంత్రం తాగే మనిషైతే? మన ఊళ్ళల్లో పింఛను డబ్బు కల్లుకి పెట్టాడని ఎవరినన్నా అంటే మనం వెంటనే తలూపుతాం. 1908 నాటి మంచి పేద, చెడ్డ పేద జల్లెడని సినిమా కూడా పూర్తిగా పారేయలేదని నాకనిపిస్తుంది. మా సీనియర్ అన్న ఒప్పుకోలేదు. అప్పీలు రోజునే, గెలవబోతున్నావని చెప్పిన కాసేపటికే బాత్రూంలో కూలిపోయి చనిపోయిన మనిషిలో లోపాలు వెతుకుతావేంట్రా అన్నాడు. మీరు కూడా చెప్పండి.

దసరాకి ఊరెళ్ళినప్పుడు సినిమా ఫోనులో ఉంది. మామ్మకి మౌస్ సీను చూపించా. మాట అర్థం కాకపోయినా ఆయన దాన్నెత్తి స్క్రీనుకి ఆనించగానే మామ్మ పడీ పడీ నవ్వింది. తర్వాత కథ చెప్పమంది, చెప్పా. గుండెజబ్బు, ఆఫీసు, కాగితం, గోడ మీద తన పేరు రాయడం, చివరికి చనిపోవడం. మామ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది,

"ఆయనకి మనవలు లేరా? కాగితం రాసీవోళ్ళు?"

లేరన్నా. పక్కింటి కుర్రాడు ఒకసారి కంప్యూటర్‌లో నింపిపెట్టాడని చెప్పా. "ఆడు మంచోడే" అంది. అప్పుడు 2019లో నేనన్న మాట గురించి చెప్దామనుకున్నా. చెప్పలేకపోయా. బదులుగా మాచ్‌ఖండ్ గురించి మళ్ళీ అడిగా, ఫోనులో రికార్డు పెట్టి. పదహారు నిమిషాలు చెప్పింది. వాళ్ళ నాన్న ఏ దారిన వెళ్ళేవాడో, వచ్చేటప్పుడు ఏం తెచ్చేవాడో, ఆ ఏడు ఏ కొండ మీద ఎంత సామ పండిందో అంతా ఉంది అందులో.

సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఇదొక్కటి అడిగి కామెంట్లో రాయండి: తన వయసు దేన్నిబట్టి చెప్తారు? డ్యామా, తుఫానా, ఏ రోడ్డు పడినప్పుడా, ఏ పండగనాడు? ఊరి పేరు, ఆధార్‌లో ఉన్న సంవత్సరం కూడా పక్కనే రాయండి. నాది మొదటిది: మాచ్‌ఖండ్ పనులప్పుడు నడిచే పిల్ల. ఆధార్‌లో 1973.